నేను ఎంచి ఇచ్చిన చక్రాలు

కెనడాలో టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో మా తెలుగు చర్చికి వచ్చే స్టూడెంట్లంతా నన్ను కార్ల అంకుల్ అనేవారు. నిజానికి నేను మెకానిక్‌ని కాను. కారు భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళుగా ఇన్‌స్పెక్టర్‌ని. బల్ల మీదికి వచ్చిన ప్రతి భాగాన్నీ గేజ్‌లో పెట్టి, సరిగ్గా కూర్చుంటే పచ్చ తొట్టిలోనూ, కూర్చోకపోతే ఎర్ర తొట్టిలోనూ వేయడం నా ఉద్యోగం. గుంటూరు దగ్గర పాలిటెక్నిక్ చదివి వచ్చినవాణ్ణి. ఈ దేశంలో నాకు ఎవరూ పెద్దగా మర్యాద ఇచ్చింది లేదు. అందుకే ఆదివారం ఆరాధన ముగిశాక పార్కింగ్‌లో ఎవరైనా వచ్చి "అంకుల్, ఒక్కసారి నా కారు చూస్తారా" అంటే నాకు లోపల ఎక్కడో పొంగేది. ఆ పొంగు గురించి ముందే ఒప్పుకోవాలి. జరిగినదంతా దానితోనే మొదలైంది.

ఆ అమ్మాయిది ఖమ్మం దగ్గర చిన్న ఊరు. వయసు ఇరవై మూడు. ఇక్కడ కాలేజీలో నర్సింగ్ కోర్సు చదువుతూ, కోర్సులో భాగంగా ఒక వృద్ధుల హోమ్‌లో ప్లేస్‌మెంట్, అంటే శిక్షణ డ్యూటీ, చేస్తుండేది. పొద్దున్నే ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఆ వేళకు ఆ దారిలో బస్సు లేదు. కోర్సు అయిపోయి వేరే ఊరికి మారిపోతున్న ఒక సీనియర్ దగ్గర పద్నాలుగేళ్ళ పాత కారు కొనుక్కుంది. బూడిద రంగు చిన్న కారు. దాన్ని కొన్న వారంలోనే మా చర్చికి వచ్చింది. వాళ్ళింట్లో ఎవరూ క్రైస్తవులు కారు. ఆరాధన తర్వాత పెట్టే భోజనం కోసం వచ్చిందేమో అని మా ఆవిడ నవ్వుతూ అంది. భోజనం కోసమే వచ్చినా తప్పేముంది, మా ఆవిడ ఆ రోజు నుంచి ఆ పిల్లకోసం డబ్బాలో విడిగా కూర కట్టి ఉంచేది.

నవంబరు మొదటి వారంలో ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, కారుతోటి ఇచ్చిన వింటర్ టైర్లు, గదే మంచుకాలం టైర్లు, వేయించిన. గాలి నిలుస్తలేదు. మూడు రోజులకొకసారి గ్యాస్ స్టేషన్‌ల గాలి కొట్టిస్తున్న. ఒకసారి మీరు చూస్తరా?"

చూశాను. కారుతోపాటు వచ్చిన ఆ నాలుగు చక్రాల నల్ల ఇనుప రిమ్ములు పూర్తిగా తుప్పు పట్టి ఉన్నాయి. టైరు అంచు రిమ్ముకు ఎక్కడ అతుక్కుని ఉండాలో అక్కడే తుప్పు పొలుసులుగా లేచింది. గాలి అక్కడి నుంచే పోతోంది. టైర్ల పక్క గోడల మీద సన్నటి పగుళ్ళు.

"టైర్లు మారిస్తే చాలదమ్మా. రిమ్ములు కూడా మార్చాలి," అన్నాను.

"షాప్‌ల అడిగిన అంకుల్. మొత్తం సెట్ ఇస్తరంట, వాళ్ళే ఫిట్ చేస్తరంట."

అప్పుడు "మంచిది, అలాగే చెయ్యి" అని ఊరుకుంటే సరిపోయేది. ఆ మాట తర్వాత వెయ్యిసార్లు అనుకున్నాను. నేనన్నది వేరే.

"షాపు వాళ్ళు పాత కారు చూస్తే చేతికి ఏది దొరికితే అది అంటగడతారు. నేను వెతికిపెడతాలే. కంగారుపడకు."

ఆ అమ్మాయి మొహం తేటపడింది. నేనేదో పెద్ద భారం దించినట్టు చూసింది. ఆ చూపు నాకు బాగా నచ్చింది.

పాత కారుకు చక్రాలు వెతకడం నాకు ఇష్టమైన పని. చాలామంది సైజు ఒక్కటి చూసుకుని పరుగెత్తుతారు. నేను ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి ఓపికగా చెప్పాను. డ్రైవర్ తలుపు తెరిస్తే లోపల అంచు మీద ఒక స్టిక్కరు ఉంటుంది, టైరు సైజు దాని మీద రాసి ఉంటుంది. చక్రానికి ఎన్ని బోల్టు రంధ్రాలున్నాయో చూడాలి, ఆ రంధ్రాల వలయం కొలత చూడాలి. మధ్యలో ఉన్న పెద్ద రంధ్రం ఇరుసు చివర ఉండే హబ్బు మీద బిగుతుగా కూర్చోవాలి. చక్రం లోపలికి ఎంత జరిగి ఉంటుందో చూడాలి, లేకపోతే పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకుంటుంది. ఆ అమ్మాయి అన్నీ ఫోన్‌లో రాసుకుంది. క్లాసులో కూర్చున్నట్టే కూర్చుంది.

నేను చెప్పనిది ఒకటుంది. చక్రాన్ని పట్టి ఉంచే నట్టు అడుగు ఏ ఆకారంలో ఉందో, చక్రంలో అది కూర్చునే గుంట అదే ఆకారంలో ఉందో లేదో చూడాలి. అది నాకు తెలియదని కాదు. తెలుసు. కానీ ఎప్పుడూ నా ముందు సమస్యగా రాలేదు, అందుకని చెప్పే పాఠంలో అది లేదు.

రెండు వారాలు వెతికాను. చివరికి ఊరికి ఉత్తరాన ఉన్న ఒక స్క్రాప్ యార్డులో నాలుగు అల్యూమినియం చక్రాలు దొరికాయి. వాటి మీద ఒక్క చలికాలం మాత్రమే వాడిన మంచి టైర్లు. ముందు భాగం నుజ్జయిన ఒక కారు నుంచి తీసినవి. కారు కంపెనీ వేసినవి కాదు, ఎవరో బయట కొని వేయించుకున్నవి. శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. బురద గడ్డకట్టి రాయిలా ఉంది. చేతులకు గ్లవ్స్ లేకుండా వెర్నియర్ కాలిపర్ పట్టుకుని ఒక్కొక్కటీ కొలిచాను. ఐదు రంధ్రాలు, కొలత సరిపోయింది. లోపలి లోతు సరిపోయింది. మధ్య రంధ్రం మాత్రం కొంచెం పెద్దది. దానికి ప్లాస్టిక్ రింగులు వస్తాయి, అవి వేస్తే హబ్బు మీద సరిగ్గా కూర్చుంటుంది. ఆ రింగులు కూడా తెప్పించాను. అంత జాగ్రత్త తీసుకున్నాను మరి.

"మంచిగున్నయ్ అంకుల్. నా కారుకి ఇవి జర ఎక్కువైతయేమో," అని ఆ అమ్మాయి నవ్వింది. ఫోటో తీసి వాళ్ళ అమ్మకు పంపింది.

మరుసటి శనివారం పట్టపగలు, మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో జాకీ పెట్టి కారు లేపాను. మా ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. ముందు ఎడమ చక్రం ఎక్కించి, మొదటి నట్టు వేలితో తిప్పుతున్నప్పుడు ఏదో తేడాగా అనిపించింది. నట్టు తీసి చూశాను. దాని అడుగు గుండ్రంగా ఉంది, సగం గోళీలాగా. ఆ కారుకు కంపెనీ ఇచ్చిన నట్లు అవి. చక్రంలో ఉన్న గుంట మాత్రం గరాటులా ఏటవాలుగా ఉంది. గరాటులో గోళీ పెడితే ఎలా ఉంటుంది? చుట్టూ ఒక సన్నటి గీత వెంబడి తప్ప ఎక్కడా తగలదు. నేను దాన్ని చూశాను. చూసి కూడా, ఇంకో షాపుకు వెళ్ళి కొత్త నట్లు తేవాలంటే ఈ పూట పని ఆగిపోతుందని అనుకున్నాను. ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. అంకుల్‌కు అన్నీ తెలుసు అన్నట్టు నిలబడి ఉంది. ఇప్పుడు ఆగి, ఇవి సరిపోవమ్మా, నేను పొరబడ్డాను అనాలి. అనలేదు. బిగిస్తే కూర్చుంటుందిలే అనుకున్నాను.

టార్క్ పానా పెట్టి బిగించాను. కావలసినంత బిగిసినప్పుడు అది టిక్కుమని శబ్దం చేస్తుంది. ఇరవై నట్లు, ఇరవై టిక్కులు. ఆ శబ్దం వింటుంటే నా అనుమానం పోయింది. నట్టు ఎంత గట్టిగా తిరిగిందో మాత్రమే ఆ టిక్కు చెబుతుంది, అది దేని మీద కూర్చుందో చెప్పదు. నాకు ఈ మాట తెలియనిది కాదు.

"కొత్త చక్రాలు వేశాక కొంచెం తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించాలమ్మా. వచ్చే ఆదివారం చర్చికి వచ్చినప్పుడు నేనే చూస్తాను," అన్నాను.

ఆ ఆదివారం చర్చిలో భోజనాల వడ్డన నా వంతు. అన్నం గిన్నె దగ్గర నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి ప్లేటు పట్టుకుని వచ్చి మెల్లగా అడిగింది. "అంకుల్, ఆ నట్లు చూస్తనన్నరు."

"ఈ రోజు కుదరదమ్మా. వచ్చే వారం చూద్దాం. దానికేం కాదులే."

తర్వాతి ఆదివారం విపరీతమైన చలి. రాత్రంతా మంచు కురిసింది. పార్కింగ్‌లో గాలి చెవులు కోస్తోంది. ఆ అమ్మాయి నా కారు దాకా వెంట వచ్చింది.

"అంకుల్, స్లోగా టర్న్ చేస్తుంటే ముందు పక్క టక్ టక్‌మని సౌండ్ వస్తుంది. స్టీరింగ్ కూడా జర వణుకుతుంది."

"చక్రం లోపల మంచు పేరుకుని ఉంటుంది. ఈ చలికి అందరికీ అలాగే ఉంటుంది. కరిగితే అదే పోతుంది," అన్నాను. నా చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి. పానా నా కారు డిక్కీలోనే ఉంది. పది నిమిషాల పని. తీయలేదు.

"అంతేనా," అంది ఆ అమ్మాయి. సరేనని తల ఊపి వెళ్ళిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం నాకు డ్యూటీలో ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయితో కలిసి ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు ఉండే రూమ్మేట్ చేసింది. ఏడుస్తూ ఉంది, మాట సరిగ్గా రావడం లేదు. ప్లేస్‌మెంట్ ముగించుకుని ఇంటికి వస్తుంటే టాంటన్ రోడ్డు మీద కారు ముందు ఎడమ చక్రం ఊడిపోయిందట. కారు ఆ పక్కకు ఒరిగి, రోడ్డును గీసుకుంటూ వెళ్ళి గుంటలో పడి, కరెంటు స్తంభానికి కొట్టుకుందట. చక్రం మాత్రం ఎవరినీ తగలకుండా దొర్లుకుంటూ ఎదురు పొలంలోకి పోయిందట.

చక్రం ఊడిపోయింది అన్న మాట వినగానే నాకు ఆ నట్టు కళ్ళకు కట్టింది. వేరే ఏ కారణమూ అప్పుడు నా మనసులోకి రాలేదు. ఇప్పటికీ రాదు.

మా ఆవిడను ఎక్కించుకుని హాస్పిటల్‌కు వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఎమర్జెన్సీలో ఒక తెర వెనక పడుకుని ఉంది. తలుపు లోపలికి నొక్కుకుపోయి ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. మడమ దగ్గర నలిగిపోయింది. మొహం మీద గాజుముక్కలు గీసిన గీతలు. నొప్పికి మందు ఇచ్చినట్టున్నారు, కళ్ళు బరువుగా తెరిచి "ఆంటీ" అంది. మా ఆవిడ వంగి ఆ పిల్ల తల నిమిరింది. నేను మంచం కాళ్ళ వైపు నిలబడ్డాను.

కాసేపటికి పోలీసు ఆఫీసరు వచ్చాడు. వయసులో ఉన్న మనిషి, మర్యాదగా మాట్లాడాడు. ఎంత వేగంతో వస్తున్నావు, ముందు ఏమైనా శబ్దం వచ్చిందా అని అడిగి రాసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ చక్రాలు ఈ మధ్యే వేసినట్టున్నాయి. ఎవరు వేశారు?"

నేను నోరు తెరిచాననే అనుకుంటున్నాను. తెరిచానో లేదో ఇప్పుడు చెప్పలేను. ఆ అమ్మాయి కళ్ళు నా వైపు తిరిగాయి. ఒక్క క్షణం నన్నే చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది.

"నేనే వేసుకున్నాను. వీడియో చూసి, ఇంటి దగ్గర పార్కింగ్‌లో."

ఆయన తల ఎత్తి చూశాడు. "ఒక్కదానివేనా?"

"అవును."

ఆయన అది కూడా రాసుకుని నా వైపు తిరిగాడు. "మీరు?"

"ఫ్యామిలీ ఫ్రెండ్," అన్నాను.

అంతే. నా నోటి నుంచి వచ్చింది ఆ రెండు మాటలే. ఆయన సరేనని తల ఊపి, కారు క్షేమంగా ఉందో లేదో చూసుకోవడం నడిపేవాళ్ళ బాధ్యత అని ఆ అమ్మాయికి చెప్పి, జరిమానా టికెట్ రాసి మంచం పక్క బల్ల మీద పెట్టి, త్వరగా కోలుకోవాలని కూడా చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికి వస్తుంటే మా ఆవిడ కారులో నా వైపు తిరిగింది. "ఆ పిల్ల అలా ఎందుకు చెప్పింది?" అని అడిగింది.

"మందు మత్తులో ఉంది," అన్నాను.

"మీరు మత్తులో లేరు కదండీ."

నేను రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాను.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి పుస్తకాలు, బ్యాగు తీసుకురావడానికి, కారును లాగి పెట్టిన యార్డుకు వెళ్ళాను. అక్కడ పనిచేసే పెద్దాయన నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎడమ వైపు హబ్బు నుంచి రెండు బోల్టులు విరిగిపోయాయి, మిగతా మూడింటి మరలు అరిగిపోయాయి. పొలంలో దొరికిన చక్రాన్ని తెచ్చి పక్కన పడేశారు. దాని రంధ్రాలు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి మారాయి. ఆ పెద్దాయన వెనక చక్రం నుంచి ఒక నట్టు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"చూడండి, అడుగు గుండ్రం. ఈ చక్రానికి ఏటవాలు నట్లు కావాలి. ఎవరు వేశారో గానీ, కళ్ళు మూసుకుని వేశారు."

కళ్ళు తెరుచుకునే వేశానని ఆయనకు చెప్పలేదు. బ్యాగు తీసుకుని వచ్చేశాను. ఆ సాయంత్రం మా ఆవిడకు అన్నీ చెప్పాను. ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పండి," అంది. వెళ్తానన్నాను. వెళ్ళలేదు. ఫ్యాక్టరీలో తెలిస్తే ఏమనుకుంటారో, చర్చిలో ఏమనుకుంటారో, నా మీద కేసు అవుతుందో ఏమో, ఇన్నేళ్ళు ఒక్క మచ్చ లేకుండా బతికాను కదా అని రోజుకొక కారణం దొరికేది. మా ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది. మూడోసారి చేయలేదు.

ఆపరేషన్ చేసి కాలిలో ప్లేట్లు వేశారు. బేస్‌మెంట్ మెట్లు దిగలేదు కాబట్టి ఆ అమ్మాయిని మా ఇంటికే తెచ్చుకున్నాం. కింద ముందు గదిలో సోఫా తీసేసి మంచం వేశాం. నాలుగు నెలలు మా ఇంట్లో ఉంది. మా ఆవిడ స్నానం చేయించేది, జడ వేసేది. నేను ఫిజియోథెరపీకి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాణ్ణి. చర్చిలో వాళ్ళు మా చేతులు పట్టుకుని, సొంత బిడ్డలా చూసుకుంటున్నారని మెచ్చుకునేవారు. పాస్టర్‌గారు ప్రార్థనలో మా ఇద్దరి పేర్లు ఎత్తి దేవునికి వందనాలు చెప్పారు. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను.

ఆ అమ్మాయి ప్రతి చిన్న పనికీ థాంక్స్ అంకుల్ అనేది. నీళ్ళ గ్లాసు అందించినా అనేది. వాకర్ పట్టుకుని గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం నేర్చుకుంటుంటే, నేను వంటింట్లో నిలబడి ఆ చప్పుడు వినేవాణ్ణి. చదువు ఆగిపోయింది. ప్లేస్‌మెంట్‌లో పేషెంట్లను లేపాలి, గంటల తరబడి నిలబడాలి. ఆ కాలితో కాదు. కాలేజీ వాళ్ళు మొదట ఒక టర్మ్ సెలవు ఇచ్చారు. మడమ కుదుటపడలేదని, ఎక్కువసేపు నిలబడే పని ఇక కష్టమని డాక్టర్ తేల్చి చెప్పాక కోర్సు వదులుకోవాల్సి వచ్చింది. స్టడీ పర్మిట్ గడువు దగ్గరపడింది. వేరే కోర్సుకు అప్లై చేద్దామని నేను ఫారాలు ముందు వేసుకుని కూర్చుంటే, ఆ అమ్మాయి వద్దంది.

"నర్స్ అవుదామనే వచ్చిన అంకుల్. వేరేది చదువబుద్ధి కాదు. ఇంటికి పోత."

మార్చిలో ఒక మధ్యాహ్నం, మా ఆవిడ పనికి వెళ్ళింది. నేను ఆ అమ్మాయికి టీ ఇచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. అప్పటికి ఎన్నోసార్లు మనసులో వల్లె వేసుకున్నాను, అయినా మాటలు ముక్కలుగా వచ్చాయి. నట్లు సరిపోలేదని, అది నాకు ఆ రోజే కనబడిందని, చూసి కూడా బిగించానని చెప్పాను.

ఆ అమ్మాయి టీ కప్పు వైపు చూస్తూ అంది. "తెలుసు అంకుల్."

"ఎలా?"

"నట్టు తీసి చానాసేపు చూసిండ్రు గద. మీ మొహం మారింది. నేనే అడుగుదామనుకున్న, ఏమైంది అంకుల్ అని. మీకు తెల్వనిది ఉంటదా అని ఊకున్న."

"మరి పోలీసుకు అలా ఎందుకు చెప్పావమ్మా?"

 బయట మంచు కరిగి చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మంచం కాళ్ళకాడ భయపడుకుంట నిలబడ్డరు. మీరు పెద్దోళ్ళు. నాకు అప్పుడు గదే తోచింది." ఆగి, మళ్ళీ అంది. "కానీ మీరు చెప్తరేమో అని చూసిన అంకుల్. ఆయన రాసుకుంటున్నంతసేపు చూసిన."

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ తర్వాత, "మీరేం మనసుల పెట్టుకోవద్దు, షాప్‌కి పోకుండ మీకాడికి వచ్చింది నేనే గద," అని నన్ను ఓదార్చింది కూడా. ఇరవై మూడేళ్ళ పిల్ల, విరిగిన కాలు స్టూలు మీద చాపుకుని నన్ను ఓదార్చింది. నేను ఊరడిల్లాను. దాన్ని కూడా కాదనకుండా తీసుకున్నాను.

ఏప్రిల్ చివర్లో వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చెయిర్ తెప్పించాం. మా ఆవిడ బిగ్గరగా ఏడ్చింది. నేను సామాను తూకం చూసుకుంటూ నిలబడ్డాను. వాళ్ళ ఊళ్ళో ఏం చెప్పిందో మాకు తెలియదు. కారు ప్రమాదం అని మాత్రం చెప్పి ఉంటుంది.

జూన్‌లో ఒకరోజు సెలవు పెట్టి, మా ఆవిడతో చెప్పకుండా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. కౌంటర్ అద్దం వెనక ఒక మహిళా ఆఫీసరు ఉంది. ఆ ప్రమాదం గురించి ఒక విషయం చెప్పాలని అన్నాను. ఆమె వివరాలు కంప్యూటర్‌లో చూసింది. నేను చెప్పుకుంటూ పోయాను. చక్రాలు వేసింది ఆ అమ్మాయి కాదని, నేనని, నట్లు తప్పని తెలిసే వేశానని. ఆమె ఓపికగా విన్నది.

"ఆ టికెట్ విషయం ముగిసిపోయిందండీ. ఆమె తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేసింది. ఆమె ఇప్పుడు ఈ దేశంలో ఉందా?"

"లేదు. వెళ్ళిపోయింది."

"మరి మీరు ఇప్పుడు ఏం జరగాలని కోరుకుంటున్నారు?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. తెలియదన్నాను. మీరు కావాలంటే రాతపూర్వకంగా ఇవ్వండి, ఫైలులో పెడతాను అంది. ఒక కాగితం ఇచ్చింది. నేను రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఎవరైనా ఫోన్ చేస్తారా అని అడిగితే, చేయకపోవచ్చని చెప్పింది. ఎవరూ చేయలేదు.

బయటికి వచ్చి కారులో కూర్చున్నాక నాకు ఊరట కలిగింది. ఇక నాకేమీ కాదు, అయిపోయింది అనే ఊరట. ఒళ్ళంతా తేలికైంది. ఆ సంగతి అర్థమయ్యాక చాలాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను. ఆరు నెలల తర్వాత నిజం చెప్పడానికి వచ్చినవాణ్ణి, అంతకాలం భయపడింది నాకేమవుతుందోనని మాత్రమే అని బయటికి వచ్చాక తెలిసింది. ఆ అమ్మాయి కాలు గురించి నాకు అంత తేలిక ఎప్పుడూ కలగదు, కలగకూడదు కూడా. నా గురించి కలిగింది.

చర్చి మానలేదు. కార్లు చూడటం మానేశాను. ఎవరైనా పార్కింగ్‌లో అడిగితే, నాకు తెలియదు, షాపుకు తీసుకెళ్ళండి అంటాను. అంకుల్ మారిపోయారు, ఆ పిల్ల ఊరికి వెళ్ళిపోయిన దిగులు అని అనుకుంటారు. మా ఆవిడ కాదనదు. మా మధ్య మాటలు తగ్గాయి. పోట్లాట ఏమీ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది, సరిపోయిందంటాను. ఫ్యామిలీ ఫ్రెండ్ అన్న మాట మాత్రం మా ఇంట్లో ఎవరూ వాడరు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఖమ్మంలో ఒక హాస్పిటల్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటోంది. రెండు నెలలకోసారి మా ఆవిడకు వీడియో కాల్ చేస్తుంది. నేను పక్క గదిలో కూర్చుని వింటాను. చలికాలంలో ప్లేట్లు వేసిన చోట సలుపుతుందని, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవాలని, కూర్చునే పని కాబట్టి ఫరవాలేదని చెబుతుంది. పెళ్ళి సంబంధాల మాట వస్తే నవ్వేసి మాట మారుస్తుంది. చివర్లో ఎప్పుడూ అడుగుతుంది.

"అంకుల్ మంచిగున్నరా ఆంటీ?"

"బాగున్నారమ్మా."

మా ఆవిడ ఫోన్ పట్టుకుని తలుపు దాకా వచ్చి, ఇవ్వనా అన్నట్టు నా వైపు చూస్తుంది. నేను తల అడ్డంగా ఊపుతాను. ఆమె కాసేపు అక్కడే నిలబడి, వంటింట్లోకి వెళ్ళిపోతుంది.